చరణానికొక వాయి

పోయిన శుక్రవారం మధ్యాహ్నం కాస్త కునుకు తీసి లేచి, కళ్ళజోడు వెతికి పెట్టుకుని ఫోను చూద్దును కదా, మా తెలుగు సంఘం గ్రూపులో ఒక సందేశం వచ్చి ఉంది. ఇక మీదట చర్చి ఆవరణలో నూనెలో వేయించే వంటలేవీ చేయరాదనీ, ఆరాధన తరువాతి ఫలహారం బయటి నుంచి తెప్పించుకుంటామనీ, వెనక ఉన్న పాత రేకుల షెడ్డు తీసేసి ఆ చోటు పార్కింగ్‌లో కలిపేస్తున్నామనీ, అందరూ సహకరించాలనీ దాని సారాంశం. కింద వరసగా దండాల బొమ్మలు కూడా వచ్చేశాయి. పంపినది ఎవరా అని చూస్తే సంఘం సెక్రటరీ, అంటే నేను కన్న కొడుకే.

వాడు కింద గదిలోనే కూర్చుని ఆఫీసు పని చేసుకుంటున్నాడు. మెట్లు దిగి వెళ్ళి గుమ్మంలో నిలబడ్డాను. నన్ను చూడగానే వాడికి అర్థమైపోయింది. "పర్సనల్‌గా తీసుకోకమ్మా. ఇన్సూరెన్స్ వాళ్ళు షెడ్డులో ఆ పొయ్యి చూస్తే ఒప్పుకోరు. పోయిన ఆదివారం లేట్‌గా వచ్చినవాళ్ళు రోడ్డు మీద పార్క్ చేసుకున్నారు, నువ్వూ చూశావు కదా," అన్నాడు. చూశాను. వాడి మాటలో తప్పేమీ లేదు. తప్పు లేని మాట మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో నా వయసు వాళ్ళకు చెప్పనక్కరలేదు. పైకి వచ్చి కిటికీ దగ్గర కుర్చీలో కూర్చున్నాను. షెడ్డు కళ్ళ ముందు మెదిలింది, దానితో పాటు మా అత్తగారూ, ఆవిడ ఇనుప మూకుడూ, ఆవిడ పాటా వచ్చేశాయి.

మేము అమెరికాలో జార్జియా రాష్ట్రంలోని ఈ కమ్మింగ్‌కి వచ్చిన రోజుల్లో ఇక్కడ ఇన్ని ఇళ్ళు లేవు. ఇప్పుడు మా వీధి మలుపులో దోసెల హోటలు ఉన్న చోట అప్పుడు ఆవులు మేస్తూ ఉండేవి. మావారు కంప్యూటర్ కంపెనీలో, నేను ఆసుపత్రి ల్యాబులో పని చేసేవాళ్ళం. తెలుగు క్రైస్తవ కుటుంబాలు వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని ఉండేవి. ఒక ఆదివారం ఒకరింట్లో, మరో ఆదివారం మరొకరింట్లో సోఫాలు గోడకు జరిపి, తివాచీ మీద దుప్పట్లు పరచి ఆరాధన చేసుకునేవాళ్ళం. పిల్లలు మేడ మీద గంతులేస్తుంటే కింద పాస్టరు గారు వాక్యం చెప్పేవారు. పక్కింటి వాళ్ళు మా కార్ల వరసను చూసి మొహాలు ముడుచుకునేవారు. చివరికి మాలో ఒకాయన అద్దెకున్న ఇంటి యజమాని, ఇక మీదట ఇక్కడ కూడికలు పెట్టవద్దని గట్టిగానే చెప్పేశాడు.

అలాంటి సమయంలో ఊరి చివర ఉన్న ఒక అమెరికన్ సంఘం వాళ్ళు దయతలచి, ఆదివారం మధ్యాహ్నాలు తమ హాలు మమ్మల్ని వాడుకోనిచ్చారు. చిన్న ఎర్ర ఇటుకల చర్చి, చుట్టూ పైన్ చెట్లు, హాలు వెనకాల ఒక వంటగది. ఆ వంటగది తాళాలు ఒక పెద్దావిడ దగ్గర ఉండేవి. పొడుగ్గా, నిటారుగా, నవ్వినా నవ్వనట్టుగా ఉండే మనిషి. ఆవిడను మాలో మేము తాళాల మామ్మగారు అనుకునేవాళ్ళం. వాడుకున్నాక శుభ్రం చేసి వెళ్ళండి అని చెప్పిందే తప్ప, అక్కడ ఏవీ వేయించకూడదని ఆవిడ చెప్పలేదు. అలా చెప్పాల్సి వస్తుందని కూడా ఆవిడ అనుకుని ఉండదు.

ఆ ఏడాదే మా అత్తగారు నరసాపురం నుంచి మా దగ్గర ఆరు నెలలు ఉండడానికి వచ్చారు. పెట్టెలో చీరల మధ్య ఇనుప మూకుడు పెట్టుకుని వచ్చిన మనిషి. ఇక్కడ గిన్నెలు ఉంటాయండీ అని నేను ఫోనులో ముందే చెప్పినా, గిన్నెలు ఉంటాయి గానీ మూకుడు ఉండదు కదమ్మా అన్నారు. మా ఊరి చర్చిలో కోత పండుగ నాడు ఆవిడ వేసే ఆకుకూర పకోడీల కోసం పక్క ఊళ్ళ వాళ్ళు కూడా వచ్చేవారు. కోత పండుగ అంటే, కొత్తగా పండినవి తెచ్చి గుడిలో అర్పించి, తరువాత ఆవరణలో వేలం వేసే పండుగ. అరటి గెలలూ, గుమ్మడికాయలూ, కాళ్ళు కట్టేసిన కోళ్ళూ ఒక పక్కన అరుస్తూ ఉంటే, మరో పక్కన తాటాకు పందిరి కింద మా అత్తగారు మూకుడు ముందు కూర్చునేవారు. పెళ్ళయిన కొత్తలో ఆవిడ పక్కన కూర్చుని తోటకూర తరిగి ఇవ్వడమే నా పని.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. ఆకును పొద్దున్నే కడిగి పాత పంచె మీద ఆరబెట్టాలి, ఎందుకంటే తడి ఆకు నూనెలో పడితే చిటపటమని మొహం మీదికి వస్తుంది. తరిగిన ఆకూ, ఉల్లిపాయా, పచ్చిమిర్చీ, అల్లమూ ఒక పళ్ళెంలో వేసి ఉప్పు చల్లి చేత్తో నలిపి వదిలేస్తే వాటిలో నీరు అదే ఊరుతుంది. ఆ నీటితోనే శనగపిండీ, గుప్పెడు బియ్యప్పిండీ కలవాలి తప్ప, పైనుంచి ఒక్క చుక్క పోయకూడదు. వాము నలిపి వేసి, కాగిన నూనె ఒక గరిటెడు అందులో పోస్తే పిండి బుస్సుమనేది. నూనె పొంగకుండా మూకుట్లో చిన్న చింతపండు రెబ్బ వేసేవారు. ఇవన్నీ మీలో చాలామందికి తెలిసినవే. తెలియనిది ఏమిటంటే, మా అత్తగారు వాయి వేగడానికి గడియారం చూసేవారు కాదు, రంగూ చూసేవారు కాదు, పాట పాడేవారు. ఒకసారి మూకుట్లో వేసి తీసేది ఒక వాయి కదా, ఆ వాయికి ఒక చరణం. పిండి వదలగానే చరణం ఎత్తుకునేవారు, అది అయిపోగానే జల్లిగరిటెతో తీసేసేవారు. చివరి పాదం దగ్గర, అసలు పాటలో లేని ఒక రాగం తీసి సాగదీసేవారు. మా ఊరి పాస్టరు గారు ఎన్నిసార్లు సరిచేసినా ఆవిడ నోటికి అది పట్టుబడలేదు. అలా సాగదీస్తేనే పకోడీ కరకరలాడుతూ వచ్చేది మరి. సరిగ్గా పాడితే మెత్తగా వచ్చేది, నేను చేసి చూశాను.

అంతటి మనిషి పకోడీలకు కమ్మింగ్‌లో గొప్ప అవమానం జరిగింది. అందరిలాగే మేమూ ఆరాధన తరువాత టీలోకి ఏదో ఒకటి ఇంటి నుంచి చేసి తీసుకువెళ్ళేవాళ్ళం. ఆవిడ పొద్దున్నుంచీ నిలబడి పాలకూర పకోడీలు వేస్తే, నేను వాటిని అల్యూమినియం ట్రేలో పోసి, మీద ఫాయిల్ బిగించి కార్‌లో పెట్టాను. ఈ దేశంలో అందరం చేసే పనే. ఆరాధన అయ్యాక ఫాయిల్ తీసేసరికి లోపలంతా ఆవిరి చెమట పట్టి, పకోడీలు నానబెట్టిన అట్టముక్కల్లా చల్లగా, మెత్తగా తయారయ్యాయి. జనం మర్యాదకు తిన్నారు. ఒకావిడ చాలా సాఫ్ట్‌గా ఉన్నాయాంటీ అని మెచ్చుకుంది కూడా. ఆ మెచ్చుకోలు అర్థమయ్యాక మా అత్తగారి మొహం చూడాలి. "వేడి పకోడీ మీద ఎవరైనా దుప్పటి కప్పుతారా అమ్మాయ్," అని ఇంటికి వచ్చే దారంతా అదే మాట.

తరువాతి ఆదివారం ఆవిడ పిండి కలపడానికి అన్నీ విడివిడిగా మూటకట్టుకుని, మూకుడు సంచీలో పెట్టుకుని కారెక్కారు. ఆఖరి పాట మొదలు కాగానే వంటగదిలోకి వెళ్ళి వేడివేడిగా వేస్తే, ఆశీర్వచనం అయ్యేసరికి పళ్ళేలు సిద్ధంగా ఉంటాయని ఆవిడ లెక్క. పాస్టరమ్మగారు కూడా సరేనన్నారు. ఆ కరెంటు పొయ్యి ఎర్రబడడానికి చాలాసేపు పడుతుందని ముందే వెలిగించి మూకుడు పెట్టి వచ్చాం. ఆఖరి పాటగా ఆవేళ అనుకోకుండా ఆవిడ పకోడీల పాటే ఎత్తుకున్నారు. ఆవిడ సంబరం చెప్పనలవి కాదు. హాల్లో అందరూ పాడుతుంటే వంటగదిలో ఆవిడా గొంతు కలిపారు, చరణానికొక వాయి చొప్పున మొదటి వాయీ, రెండో వాయీ బంగారంలా వచ్చాయి. నేను పళ్ళేలు అందుకుని హాలు పక్కన బల్ల మీద సర్దడానికి వెళ్ళాను.

ఇక్కడే వచ్చింది చిక్కు. ఆవేళ పాట నడిపించిన మా సంఘం కుర్రాడికి మనసు కరిగి కళ్ళ వెంట నీళ్ళు వచ్చాయి. మనవాళ్ళకు అలా వచ్చినప్పుడు పాట ఎక్కడ ఆగుతుంది చెప్పండి. ఆఖరి చరణం ముగించకుండానే మళ్ళీ ఎత్తుకున్నాడు, ఇక అయిపోతుందనుకుంటే మళ్ళీ ఎత్తుకున్నాడు, అందరూ చేతులెత్తి కళ్ళు మూసుకుని పాడుతున్నారు. వంటగదిలో మా అత్తగారు కూడా కళ్ళు మూసుకునే పాడుతున్నారు, చరణం అయితే వాయి తీద్దామని. చరణం కాలేదు. వాయి మాడింది, నూనె పొగలెత్తింది, పొగ తలుపు కింద నుంచి హాల్లోకి వచ్చింది. చివరికి గోడ మీది అలారం కుయ్యోమని కూస్తేగానీ ఆ పాట ఆగలేదు.

మావారు పొయ్యి ఆర్పి, కిటికీలు తెరిచి, పాటల పుస్తకంతో అలారానికి విసిరారు. ఎవరికీ ఏ దెబ్బా తగల్లేదు, మాడినవి తీసి పారేశాం, గోడలూ పొయ్యీ తుడిచి మెరిపించాం. కానీ వాసనను తుడవలేం కదా. కర్టెన్లకూ, కుర్చీల గుడ్డలకూ పట్టేసింది. మళ్ళీ ఆదివారం పొద్దున ఆరాధనకు వచ్చే అమెరికన్లు ముక్కు పట్టుకోక తప్పదు. మరో రెండు రోజులకు తాళాల మామ్మగారు పాస్టరు గారికి ఫోను చేసి, వచ్చే ఆదివారం నేను వచ్చి మీతో మాట్లాడాలి అని మాత్రం చెప్పి పెట్టేశారట.

ఆ వారం మా ఇంట్లో ఎవరికీ అన్నం సయించలేదు. సంఘ పెద్దలు మా ముందుగదిలో కూర్చుని, హాలు పోతే మళ్ళీ ఎవరింట్లో కూడుకోవాలి, ఏ పక్కింటి వాళ్ళు ఊరుకుంటారు అని తలలు పట్టుకున్నారు. ఎవరూ మా అత్తగారిని ఒక్క మాట అనలేదు, ఆవిడకు అదే ఎక్కువ బాధ. మూకుడు తోమి, ఆరబెట్టి, మళ్ళీ పెట్టెలో చీరల మధ్య పెట్టేశారు. "నా టికెట్టు ముందుకు మార్పించెయ్యమనమ్మా అబ్బాయిని. నా చేతి వంట మూలంగా దేవుడి మందిరం పోయిందన్న మాట నాకొద్దు," అన్నారు. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ ఇంట్లో పని చేసుకుంటూ పాడడం కూడా మానేశారు. నలుగురుండే ఇల్లు ఎంత నిశ్శబ్దంగా ఉండగలదో నాకు అప్పుడే తెలిసింది.

ఆదివారం మేము అందరికంటే ముందు వెళ్ళాం. అత్తగారు తెల్ల చీర కట్టుకుని, కొంగు తల మీదికి లాక్కుని, మావారి దగ్గర నేర్చుకున్న సారీ అన్న ఒక్క మాటా పెదవుల మీద పెట్టుకుని నిలబడ్డారు. తాళాల మామ్మగారు వచ్చారు. గాలి ఒకసారి పీల్చి చూసి, ఎవరు వేయించారని అడిగారు. అత్తగారు బళ్ళో పిల్లలా చెయ్యెత్తారు. మామ్మగారు జార్జియా యాసలో సాగదీస్తూ చాలాసేపు ఏదో చెప్పారు. అత్తగారి చెవికి అందులో ఒక్క ముక్క ఎక్కలేదు, నాకే సగం అర్థం కాలేదు. మావారు విని, మొదట బిత్తరపోయి, తరువాత నవ్వు ఆపుకుంటూ తర్జుమా చేశారు. "గది లోపల ఎవరమ్మా నూనె మూకుడు పెట్టేది, మేము వేపుళ్ళు ఎప్పుడూ బయటే వేస్తాం, ఆ మాత్రం తెలియదా అంటోందమ్మా."

ఆ మామ్మగారు మా అత్తగారి చెయ్యి పట్టుకుని బయటకు తీసుకువెళ్ళారు. చర్చి వెనక రేకుల షెడ్డు తాళం తీస్తే, లోపల మూడు కాళ్ళ గ్యాసు పొయ్యి ఒకటీ, మా కోత పండుగ మూకుడును మరిపించే ఇనుప గుండిగ ఒకటీ ఉన్నాయి. వాళ్ళ మగవాళ్ళు వేసవిలో చర్చి అందరికీ చేపలు వేయించే సామాను అది. మా అత్తగారు గుండిగ అంచును వేలితో తట్టి, లోపల చెయ్యి పెట్టి రాసి చూసి, ఇది వాడుకలో ఉన్న ఇనుమేనమ్మాయ్ అన్నారు. వారం తరువాత ఆవిడ నోట్లోంచి వచ్చిన మొదటి మంచి మాట అది. సారీ చెప్పడం ఆవిడ మరిచేపోయారు, ఆ మామ్మగారూ అడగలేదు.

ఆపై వారం మామ్మగారు తన పెరట్లో పండిన కొలార్డ్ ఆకులు ఒక పెద్ద మోపు తెచ్చి అత్తగారి ఒళ్ళో పెట్టారు. విస్తరాకులంత ఆకులు, క్యాబేజీ పై పొరలా దళసరి. దీన్ని ఏ మేకకు పెట్టాలో అని నాతో తెలుగులో అంటూనే, ఆవిడ ఈనెలు తీసేసి, ఆకులను చుట్టలు చుట్టి దారాల్లా తరిగి, ఉప్పేసి గట్టిగా పిసికి పక్కన పెట్టారు. షెడ్డు ముందు, పైన్ చెట్ల కింద, గుండిగలో నూనె కాగింది, చింతపండు రెబ్బ పడింది, పాట ఎత్తుకున్నారు, చివరి పాదం దగ్గర సాగదీశారు, వాయి తీశారు. తాళాల మామ్మగారు ఒకటి తిని, వెంటనే రెండోది తీసుకున్నారు. ఆ ముందు వాళ్ళ చేపలు వేగిన నూనె కదా, కొంచెం చేప వాసన వచ్చింది. మా గోదావరి జిల్లాల వాళ్ళు ఆ వాసనకే మురిసిపోయి, చాలా ఏళ్ళ పాటు కొత్త నూనె పోస్తే ఊరుకునేవారు కాదు.

అలా మొదలైంది. మా అత్తగారు ఆ తరువాత వచ్చిన ప్రతిసారీ ఆదివారాలు ఆ షెడ్డు ముందే గడిచేవి. వాళ్ళిద్దరికీ ఒకరి భాష ఒకరికి రాదు. చెరో మడత కుర్చీలో కూర్చుని, ఈవిడ తెలుగులో కోడలి మీద చాడీలు చెబితే ఆవిడ ఇంగ్లీషులో ఎవరి మీద చెప్పారో గానీ, మధ్య మధ్య ఇద్దరూ తలలూపుకునేవారు. పాట మాత్రం ఇద్దరికీ ఒకటే అయింది. మామ్మగారికి మాటలు రాకపోయినా వరస పట్టుబడింది. అత్తగారు పిండి వదలడంలో మునిగి ఉంటే, ఆవిడే కూనిరాగం తీస్తూ చరణం అయిపోగానే చెయ్యెత్తేవారు.

తరువాత ఏళ్ళు ఎలా గడిచాయో చెప్పడం మొదలుపెడితే మీ ఓపిక చాలదు. మా అత్తగారు నరసాపురంలోనే ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. మావారు వెళ్ళి కూడా నాలుగేళ్ళవుతోంది. ఆ అమెరికన్ సంఘంలో చేపలు వేయించే మగవాళ్ళు ఒక్కొక్కరే ముసలివాళ్ళై రాలేకపోయారు. మేమేమో పెరిగాం. ఒకప్పుడు హాలు పోతుందేమోనని అన్నం మానేసిన మేము ఇప్పుడు ఆ కట్టడం కొనుక్కున్నాం. మిగిలిన కొద్దిమంది అమెరికన్ పెద్దవాళ్ళు పొద్దున పూట మా హాల్లో కూడుకుని వెళతారు. పిల్లలు పెద్ద వంటగది కట్టించారు, అందులో ట్రేలు వేడి చేసుకుంటున్నారు. షెడ్డులో విరిగిన కుర్చీలు చేరాయి.

ఆ శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర మా అబ్బాయిని, షెడ్డు తీసేముందు ఒక్క ఆదివారం నాకిమ్మని అడిగాను. వాడు నా మొహం చూసి సరేనమ్మా అన్నాడు. శనివారం వాడే వెళ్ళి కుర్చీలు సర్ది, పొయ్యి గొట్టాలు కొత్తవి వేయించి, గుండిగ తోమించాడు. మామ్మగారికి ఫోను చేసి ఉండమని చెప్పాను. తొంభై దాటిన మనిషి, ఆరాధన అయ్యాక ఇంటికి వెళ్ళకుండా షాలు కప్పుకుని షెడ్డు ముందు కుర్చీలో కూర్చుండిపోయారు. మా మనవరాలు ఆకు ఈనెలు తీస్తూ, ఫోను చేతిలో పట్టుకుని, "నానమ్మా, ఒక బ్యాచ్‌కి ఎన్ని మినిట్స్? టైమర్ పెడతా," అంది. నేను చెప్పేలోపు మామ్మగారు దానికి ఉష్ అన్నట్టు వేలు చూపించి, పిండి వదలమని నాకు సైగ చేశారు.

నేను పిండి వదిలాను. ఆవిడ సన్నటి వణికే గొంతుతో వరస అందుకున్నారు. హాల్లో మా కుర్రవాళ్ళు కీబోర్డూ డ్రమ్ములూ పెట్టి ఎంతో చక్కగా, ఒక్క స్వరం పక్కకు పోకుండా పాడతారు. ఈ పాట కూడా పాడతారు, సరిగ్గా పుస్తకంలో ఉన్నట్టు. చివరి పాదం దగ్గరికి వచ్చేసరికి నేను జల్లిగరిటె అందుకున్నాను. మామ్మగారు సాగదీశారు. మా అత్తగారి రాగం, ఎక్కడా లేని రాగం, తెలుగు అక్షరం తెలియని మనిషి గొంతులో ఉన్నదున్నట్టు వచ్చింది. చెయ్యెత్తారు. జల్లిగరిటెలో పకోడీలు గలగలమన్నాయి. నా కళ్ళు ఎందుకు తడిశాయని ఎవరైనా అడిగితే ఉల్లిపాయలని చెబుదామనుకున్నాను, ఎవరూ అడగలేదు.

మా అబ్బాయి నిలబడి మూడు వాయిలూ తిన్నాడు. షెడ్డు తీయడం మాత్రం తప్పదట. తీయనివ్వండి, కార్లు పట్టనంతగా జనం రావాలని మేమే కదా ఏళ్ళ తరబడి ప్రార్థించాం. పొయ్యీ గుండిగా మా ఇంటి వెనక వరండాలోకి వచ్చేశాయి, అత్తగారు నాకు వదిలి వెళ్ళిన మూకుడు పక్కన. ఎల్లుండి శనివారం మామ్మగారిని తీసుకొస్తానని మావాడు అన్నాడు. కాలం మారిందని నేను బాధపడడం లేదు. వేడి పకోడీ మీద మూత పెట్టకూడదని తెలిసినవాళ్ళు తగ్గిపోయారే అని మాత్రం అనిపిస్తుంది, ఆ అనిపించడం కూడా ఎంతసేపో ఉండదు. ఇందాక మా మనవరాలు మెట్ల మీద కూర్చుని ఏదో హోమ్‌వర్క్ చేసుకుంటూ కూనిరాగం తీస్తోంది. చివరి పాదం దగ్గర సాగదీసింది. అది తప్పమ్మా, అలా కాదు అని చెప్పబోయి నోరు మూసుకున్నాను.